చేతి పనిముట్లతో చిన్న చెక్క పెట్టె: మూత పగలకుండా, మూలలు తప్పకుండా

ఇంట్లో చెక్కపని నేర్చుకోవాలని ఎవరు అడిగినా, ముందు ఒక చిన్న పెట్టె చేయమంటాను. కుర్చీ, బల్ల, అల్మరా తర్వాత చూసుకోవచ్చు. పెట్టెకి చెక్క తక్కువ పడుతుంది, భోజనాల బల్ల మీద కూడా పని అయిపోతుంది. అయినా తిన్నగా కోయడం, మూల కలపడం, జిగురు పట్టించడం, మూత అమర్చడం, మెరుగు పెట్టడం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. ఇక్కడ చెప్పే పెట్టె బయటి కొలతలు 240 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు. ఈ అంకెల్ని ఊరికే ఎంచుకోలేదు, కారణం జిగురు పెట్టే దగ్గర చెబుతాను.

నేను చేసిన మొదటి పెట్టె మూత నాలుగు నెలలకే నిలువునా పగిలింది. చూడటానికి చాలా బాగా వచ్చిన మూత అది. కింద రెండు అడ్డపట్టీలు పెట్టి, గట్టిగా ఉండాలని పట్టీ పొడవునా జిగురు పూసి, స్క్రూలు కూడా బిగించాను. వాతావరణం పొడిబారాక ఒక రాత్రి టప్‌మని శబ్దం వచ్చింది. పొద్దున చూస్తే మధ్యలో వేలి గోరు దూరేంత చీలిక. చెక్కలో లోపం ఏమీ లేదు. అది కదలాలనుకుంది, నేను కదలనివ్వలేదు.

మొదట అర్థం చేసుకోవలసింది ఇదే. పని ఎంత నీటుగా చేసినా ఇది తెలియకపోతే వస్తువు నిలవదు. కోసి ఆరబెట్టిన చెక్క కూడా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. అది ఎన్నేళ్లయినా ఆగదు. కానీ అన్ని వైపులా ఒకేలా కదలదు. నార సాగే దిశలో, అంటే పలక పొడవునా, మార్పు దాదాపు ఉండదనే చెప్పాలి. నారకు అడ్డంగా, అంటే వెడల్పులో, బాగా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి కాండంలోని వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, చెట్టు మధ్య నుంచి బెరడు వైపుకి సుమారు 2.5 శాతం తగ్గుతుంది. కదలిక తక్కువని పేరున్న టేకు సంగతే ఇది. మామూలు పలకల్లో తేమ 4 శాతం మారితే వెడల్పు సుమారు 1 శాతం మారుతుందని వడ్రంగులు లెక్క వేసుకుంటారు. మన మూత వెడల్పు 190 మి.మీ. అంటే తడి కాలానికీ పొడి కాలానికీ మధ్య దాదాపు 2 మి.మీ. తేడా రావచ్చు. ఆ రెండు మిల్లీమీటర్లకు మనమే చోటు వదలాలి.

చెక్క ఎంచుకోవడం

మొదటి పెట్టెకి టేకుగానీ, పైన్‌గానీ, మెత్తగా కోతకి లొంగే ఏ చెక్కైనా సరిపోతుంది. మరీ గట్టి చెక్కతో మొదలుపెట్టకండి. పనిముట్టు పదును చాలట్లేదో, చేయి తప్పుతోందో తెలియక విసుగొస్తుంది.

పలకని కొనేముందు దాని చివర, అడ్డంగా కోసిన ముఖం చూడండి. వలయాల మధ్య బిందువు, అంటే చెట్టు నడిబొడ్డు, ఆ పలకలో కనిపిస్తే వద్దు. అక్కడి నుంచే చీలికలు మొదలవుతాయి. తర్వాత పలకని కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి, అంచు వెంట చూడండి. మెలిక తిరిగిన పలకని సరిచేయడానికి సగం మందం చిత్రిక పట్టాల్సి వస్తుంది. ఒకవైపుకి కొద్దిగా వంగినదైతే పరవాలేదు, చిన్న ముక్కలుగా కోశాక ఆ వంపు ఒక్కో ముక్కలో చాలా తగ్గిపోతుంది.

సరుకు రవాణాకి వాడే చెక్క ప్యాలెట్లు విప్పి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి పద్ధతే, కానీ ప్యాలెట్ మీద కాల్చి వేసిన ముద్ర తప్పకుండా చదవండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు, దాన్ని ఇంట్లోకి తేకండి. ముద్రే లేని ప్యాలెట్‌నీ, ఏదో ఒలికిన మరకలున్న ప్యాలెట్‌నీ కూడా నేను ముట్టుకోను. ఇంకోమాట, కోతకి ముందు మేకులన్నీ తీసేశారా లేదా అని రెండుసార్లు వెతకండి. చెక్కలో విరిగి మిగిలిన ఒక్క మేకు చాలు, చిత్రిక బ్లేడు పాడవడానికి.

తెచ్చిన పలకల్ని వెంటనే కోయకండి. పెట్టె ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే, పలకకీ పలకకీ మధ్య సన్నటి పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి రెండు వారాలు వదిలేయండి. వంగేదేదో ఇప్పుడే వంగితే మనకి మేలు. అసలు ఆరని పచ్చి చెక్కకి మాత్రం రెండు వారాలు ఏమూలకీ చాలవు. 25 మి.మీ. మందానికి సుమారు ఏడాది అని పాత లెక్క.

పనిముట్లు, పదును

ఒక సన్నపళ్ల రంపం, 12 మి.మీ. ఉలి ఒకటి, చిన్న చిత్రిక, మూలమట్టం, 300 మి.మీ. స్టీలు స్కేలు, గీత గీయడానికి పదునైన చాకు, చేతి డ్రిల్, దానికి 2, 3, 4 మి.మీ. బిట్లు. క్లాంపులు, అంటే ముక్కల్ని నొక్కి పట్టి ఉంచే బిగింపులు, రెండుంటే బావుంటుంది, లేకపోయినా దారి ఉంది. కరెంటు యంత్రం ఏదీ అక్కర్లేదు.

డబ్బు మిగిలితే ఇంకో పనిముట్టు కొనకండి, పదును పెట్టుకునే రాయి కొనండి. కొత్తగా చేసేవాళ్ల పని ఎందుకు తేడాగా వస్తుందో చూడమని నన్ను పిలిస్తే, నేను ముందు చూసేది వాళ్ల ఉలి అంచునే. కొట్టు నుంచి వచ్చిన ఉలి పనికి సిద్ధంగా ఉండదు. దాని వెనక ముఖం, అంటే ఏటవాలు లేని వైపు, అంచు దగ్గర ఒక సెంటీమీటరు మేర అద్దంలా చదునుగా అయ్యేదాకా రాయి మీద రుద్దాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత ఏటవాలు వైపు 25 డిగ్రీల కోణంలో నూరి, చివర్లో కొద్దిగా లేపి 30 డిగ్రీల దగ్గర నాలుగైదు సార్లు తోయండి. వెనక వైపు వేలితో తడిమితే అంచు పొడవునా సన్నటి గరుకు తగలాలి. అది తగిలిందంటే అంచు దాకా నూరినట్టే. వెనక ముఖాన్ని రాయి మీద ఒకసారి లాగి ఆ గరుకు తీసేయండి. రాయి లేకపోతే మందపాటి గాజు పలక మీద 400, 1000, 2000 నంబర్ల నీటి సాండ్‌పేపర్లు అంటించి అదే పని చేయొచ్చు.

పదును వచ్చిందో లేదో చేతి వెంట్రుకల మీద చూడకండి. పైన్ లాంటి మెత్తటి చెక్క ముక్కని తీసుకుని, దాని అడ్డకోత ముఖం మీద ఉలితో సన్నటి పొర తీయండి. మొద్దు ఉలి నారని నలిపి పొడి చేస్తుంది. పదునైన ఉలి మెరిసే ముఖాన్ని వదులుతుంది. తేడా కంటికే తెలుస్తుంది. మొద్దు ఉలే ప్రమాదం కూడా, ఎందుకంటే దాన్ని బలంగా తోయాల్సి వస్తుంది, బలంగా తోసినది జారుతుంది. అందుకే ఉలి ఎదుట ఎప్పుడూ రెండో చేయి ఉండకూడదు.

గీతలు

12 మి.మీ. మందం, 90 మి.మీ. వెడల్పు, సుమారు 900 మి.మీ. పొడవున్న ఒకే పలక నుంచి నాలుగు గోడలూ వస్తాయి. పొడవు గోడలు 240 చొప్పున రెండు, పొట్టి గోడలు 168 చొప్పున రెండు. పలక మీద పొడవు, పొట్టి, పొడవు, పొట్టి, ఈ వరసలోనే గీయండి. ఇలా చేస్తే చెక్క మీది చారలు ఒక గోడ నుంచి పక్క గోడలోకి మూల తిరిగి వెళ్తున్నట్టు కనిపిస్తాయి. మూడు మూలల్లో కలుస్తాయి, నాలుగో మూలలో కలవవు. ఆ మూలని వెనక్కి తిప్పి పెట్టుకోండి. ఖర్చు లేని పనే, కానీ పెట్టెకి ఇంత అందం ఇచ్చేది ఇంకొకటి లేదని నా నమ్మకం.

ముక్కలు కోయకముందే పలక బయటి ముఖం మీద పెన్సిల్‌తో 1, 2, 3, 4 అని రాసి, పై అంచు ఏదో బాణం గుర్తు పెట్టండి. కోశాక అన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎటో గుర్తుండదు.

కోతగీతని చాకుతో గీయండి. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది, రంపం ఆ మందంలో ఎటైనా పోగలదు. చాకు గీత నారని ముందే తెంపుతుంది కాబట్టి అంచు చిట్లదు. మూలమట్టం చెక్కకి ఆనించి, మొదట తేలిగ్గా ఒకసారి, తర్వాత గట్టిగా రెండుసార్లు గీయండి. అదే గీతని అంచుల మీదికి, వెనక ముఖం మీదికి చుట్టూ తిప్పండి. తిరిగొచ్చిన గీత మొదలైన చోటే కలిస్తే పలక తిన్నగా ఉన్నట్టు. కలవకపోతే అంచుని ఇంకో రెండుసార్లు చిత్రిక పట్టి మళ్లీ గీయండి.

రంపం గీత మీద కాదు, గీత పక్కన, పారేసే ముక్క వైపు నడవాలి. రంపపు కోత కూడా ఒక మిల్లీమీటరు దాకా చెక్కని తినేస్తుంది. కాబట్టి ముక్కకీ ముక్కకీ మధ్య 4 మి.మీ. వదిలి గీయండి. కోశాక రెండు పొడవు గోడల్ని పక్కపక్కనే నిలబెట్టి, చివర్లు వేలితో తడిమి చూడండి. కంటికి కనిపించని తేడాని వేలు పట్టేస్తుంది. తేడా ఉంటే సాండ్‌పేపర్ అంటించిన చెక్కముక్క మీద పొడవైనదాన్ని నెమ్మదిగా రుద్ది సమం చేయండి. అవి సరిగ్గా 240 ఉన్నాయా, 239 ఉన్నాయా అన్నది అంత ముఖ్యం కాదు. రెండూ సమానంగా ఉండటమే ముఖ్యం. పొట్టి గోడలకూ ఇదే మాట.

మూలలు

పొడవు గోడల రెండు చివర్లా లోపలి ముఖంలో ఒక మెట్టు కోస్తాం. పొట్టి గోడ చివర అందులో కూర్చుంటుంది. మెట్టు లోతు 6 మి.మీ., అంటే మందంలో సగం. వెడల్పు 12 మి.మీ. అనుకోవచ్చు, కానీ స్కేలుతో కొలవకండి. పొట్టి గోడనే తెచ్చి, పొడవు గోడ చివర నిలబెట్టి, దాని పక్కనే చాకుతో గీయండి. మీ పలక మందం 12 అని చెప్పి అమ్మినా 11.6 ఉండొచ్చు, ఒక మూల 11.8 ఉండొచ్చు. ముక్క మీద ముక్క పెట్టి గీస్తే ఆ తేడాలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. మూలలు ఎందుకు కలవట్లేదని బాధపడేవాళ్లలో చాలామంది ప్రతి ముక్కనీ విడివిడిగా స్కేలుతో కొలిచి ఉంటారు. ఏ మూలలో ఏ ముక్కని పెట్టి గీశారో అక్కడ అదే కూర్చోవాలి, అందుకే ముందు ఆ నంబర్లు రాసుకున్నాం.

లోతు గీత 6 మి.మీ. దగ్గర అంచుల మీదా, చివరి ముఖం మీదా గీయండి. తర్వాత చాకు గీతని ఆనుకుని ఒక తిన్నటి చెక్కముక్కని క్లాంపుతో బిగించండి. అది రంపానికి గోడలా పనిచేస్తుంది. రంపాన్ని దానికి ఆనించి, లోతు గీత దాకా కోసి ఆపండి. రెండు అంచుల్లోనూ గీత చూసుకుంటూ కోయాలి, లేకపోతే ఒకవైపు లోతైపోతుంది.

ఇక ఉలి పని. పలకని చదునుగా పెట్టి, చివరి ముఖం నుంచి లోపలికి, నార వెంటే పొరలు తీయాలి. మొదటి పొర లోతు గీత దగ్గర తీయకండి. మెట్టు సగం ఎత్తులో ఉలి పెట్టి తేలిగ్గా కొట్టి, చీలిక ఎటు పోతుందో చూడండి. నార కిందికి దిగుతుంటే చీలిక గీతని దాటి లోపలికి పోతుంది. అలాంటి చోట కొట్టడం మానేసి, ఉలిని చేత్తో తోస్తూ పక్క నుంచి పలచటి పొరలు తీయండి. నార పైకి ఎక్కుతుంటే భయం లేదు. చివరి అర మిల్లీమీటరు మాత్రం ఎలాగైనా చేత్తోనే తీయండి. మెట్టు అడుగున స్కేలు అంచు పెట్టి చూస్తే మధ్యలో ఎత్తు ఉండకూడదు. మధ్యలో కాస్త పల్లం ఉన్నా పరవాలేదు, ఎత్తు ఉంటే మూల తెరుచుకుంటుంది.

నాలుగు మెట్లలో మొదటిది బాగా రాదు. అందుకే ముందు ఒక పనికిరాని ముక్క మీద రెండు మెట్లు కోయండి, మూడోదాన్ని అసలు ముక్క మీద మొదలుపెట్టండి.

జిగురు

జిగురు లేకుండా ఒకసారి పెట్టె మొత్తం బిగించి చూడండి. క్లాంపు ఎక్కడ పడుతుంది, ఏ ముక్క ముందు పెట్టాలి, అన్నీ ఇప్పుడే తేల్చుకోవాలి. తెల్ల జిగురు పూశాక సర్దుకోవడానికి పది నిమిషాలకు మించి టైమ్ ఉండదు. ఆ పది నిమిషాల్లో క్లాంపు కోసం వెతకడం లాంటి టెన్షన్ ఇంకోటి లేదు. క్లాంపులు లేకపోతే పెట్టె చుట్టూ గట్టి తాడు రెండు చుట్లు చుట్టి, తాడు మధ్యలో ఒక పుల్ల దూర్చి మెలితిప్పండి. నాలుగు మూలలూ ఒకేసారి బిగుస్తాయి. తాడు నొక్కుకునే మూలల దగ్గర మడిచిన అట్టముక్కలు పెట్టడం మరచిపోకండి.

గోడల లోపలి ముఖాలకు సాండ్‌పేపర్ పని ఇప్పుడే పూర్తిచేయండి. బిగించాక లోపలి మూలల్లోకి చేయి పోదు.

అడ్డకోత ముఖం జిగురుని గొట్టంలా పీల్చేస్తుంది, అందుకే అక్కడ అతుకు బలహీనం. పొట్టి గోడల చివర్లకి ముందు ఒక పలచటి పూత వేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పూయండి. మెట్టులో కూడా పూసి, బిగించండి.

ఇప్పుడు ఆ 240, 180 సంగతి. ఈ రెండు భుజాలకి కర్ణం సరిగ్గా 300 మి.మీ. 3, 4, 5 లెక్కే ఇది, అరవై రెట్లు. మీ స్టీలు స్కేలుని పెట్టె మీద ఏటవాలుగా పెట్టి, బయటి మూల నుంచి ఎదుటి మూలకి చూడండి. రెండు వైపులా 300 వస్తే పెట్టె మూలలు తొంభై డిగ్రీలున్నట్టే. మీ గోడలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయి ఉంటే 300 రాకపోవచ్చు, అప్పుడు రెండు కర్ణాలూ సమానంగా ఉంటే చాలు. ఒకటి ఎక్కువగా ఉంటే, ఆ ఎక్కువున్న మూలల్ని చేతులతో లోపలికి నొక్కండి. జిగురు పచ్చిగా ఉన్నప్పుడు పెట్టె కొద్దిగా జరుగుతుంది. ఆరాక జరగదు.

బయటికి కారిన జిగురుని తడిగుడ్డతో వెంటనే తుడవకండి. పలచబడి చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది, తర్వాత నూనె పట్టించినప్పుడు అక్కడ తెల్ల మచ్చలుగా తేలుతుంది. అరగంట ఆగితే రబ్బరులా అవుతుంది, అప్పుడు ఉలితో గీరితే పొరలా లేచొస్తుంది. క్లాంపులు గంట తర్వాత తీయొచ్చు, కానీ 24 గంటలు గడిచేదాకా పెట్టె మీద బలం పెట్టొద్దు.

మర్నాడు మూలలకి పుల్లలు దిగగొట్టాలి. పొడవు గోడ బయటి ముఖం మీద, చివర నుంచి 6 మి.మీ. లోపలికి, పై నుంచి 15, 45, 75 మి.మీ. దగ్గర 3 మి.మీ. బిట్‌తో 25 మి.మీ. లోతు కన్నాలు వేయండి. బిట్‌ని తిన్నగా కాకుండా ఒకటి కాస్త పైకి, పక్కది కాస్త కిందికి వాల్చి దింపితే పుల్లలు ఎదురెదురుగా బిగుసుకుంటాయి, గోడ ఊడిరాదు. వెదురు పుల్లని చివర కొద్దిగా చెక్కి, జిగురులో ముంచి, దిగగొట్టండి. ఆరాక మిగిలిన తల కోసి ఉలితో చదును చేస్తే మూలకి మూడు చిన్న చుక్కలు మిగులుతాయి. ఆ చుక్కల్ని దాచాలని చాలామంది రంగు వేస్తారు. నాకైతే అవి అలాగే ఉంటేనే బావుంటాయి.

అడుగుకి 4 మి.మీ. ప్లైవుడ్ వాడండి. 244 × 184 కోసి, గోడల కింది అంచుకి చుట్టూ జిగురు పూసి అంటించి, మీద బరువు పెట్టండి. ఆరాక బయటికి వచ్చిన రెండేసి మిల్లీమీటర్లని చిత్రికతో గోడలకి సమం చేయండి. ఇక్కడ నిర్భయంగా చుట్టూ జిగురు పెట్టొచ్చు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి అది పెద్దగా కదలదు, గోడలు తమ పొడవులో కదలవు. రెండూ కదలనప్పుడు గొడవ లేదు. ఇదే పని మూత దగ్గర చేస్తే పగులుతుంది.

మూత

మూత 250 × 190, మందం 12. అంత వెడల్పు పలక దొరకకపోతే రెండు పలకలు అంచుకి అంచు అతికించండి. దీనికొక చిట్కా ఉంది. రెండు పలకల్నీ పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం ఆనించి, వైస్‌లోగానీ క్లాంపుతోగానీ బిగించి, రెండు అంచుల్నీ కలిపి ఒకేసారి చిత్రిక పట్టండి. మీ చేయి కాస్త వాలి అంచు 88 డిగ్రీలు వచ్చిందనుకోండి, రెండోదానిది 92 అవుతుంది. పుస్తకం తెరిచినట్టు తెరిచి కలిపితే మొత్తం 180, మూత చదునుగా వస్తుంది. కలిపి పట్టుకుని వెలుతురు వైపు చూడండి, మధ్యలో గీతలా వెలుగు కనిపిస్తే ఇంకో రెండు పొరలు తీయండి. అంచుకి అంచు అతుకు నార వెంట కాబట్టి చాలా బలంగా ఉంటుంది, పుల్లలూ మేకులూ ఏమీ అక్కర్లేదు.

అడ్డపట్టీలు రెండు: 150 పొడవు, 25 వెడల్పు, 12 మందం. ఇవి మూత వంగకుండా పట్టుకుంటాయి, మూత జారకుండా పెట్టె లోపల కూర్చుంటాయి. పెట్టె లోపలి కొలత 216 × 156. రెండు పట్టీల బయటి అంచుల మధ్య దూరం 214 ఉంచండి, చెరోవైపు ఒక మిల్లీమీటరు చాలు, ఎందుకంటే ఆ దిశలో మూత కదలదు. వెడల్పు దిశలో పట్టీకీ గోడకీ మధ్య 3 మి.మీ. చొప్పున వదులు ఉంది, మూత అటూ ఇటూ పెరిగినా పట్టీ ఎక్కడా ఒరుసుకోదు.

పట్టీకి మూడు స్క్రూలు, జిగురు అసలు వద్దు. మధ్య కన్నం మామూలుగా గుండ్రంగా ఉండాలి. చివరి రెండు కన్నాలు పట్టీ పొడవు దిశలో కోలగా, సుమారు 8 మి.మీ. ఉండాలి. 4 మి.మీ. బిట్‌తో పక్కపక్కనే రెండు కన్నాలు వేసి, మధ్య మిగిలిన చెక్కని చాకుతో తీసేస్తే కోల కన్నం తయారు. 20 మి.మీ. పొడవు, 3.5 మి.మీ. లావున్న గుండ్రటి తల స్క్రూలు తీసుకుని, తల కింద వాషర్ వేయండి. మూతలో ముందుగా 2 మి.మీ. కన్నం వేయాలి, లోతు 8 మి.మీ. మించకూడదు. బిట్ చుట్టూ ఆ లోతు దగ్గర టేపు చుట్టుకుంటే మూత పైకి కన్నం పడిపోయే ప్రమాదం ఉండదు. మధ్య స్క్రూ గట్టిగా బిగించండి. చివరివాటిని బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. మూత ఉబ్బినా తగ్గినా స్క్రూలు కోల కన్నాల్లో జరుగుతాయి. నా మొదటి మూతకి కావలసింది ఈ నాలుగు కన్నాలే.

మెరుగు

సాండ్‌పేపర్ 120, 180, 220, ఈ వరసలో, ఎప్పుడూ నార వెంటే రుద్దండి. అడ్డంగా పడిన గీతలు ఇప్పుడు కనిపించవు, నూనె పడగానే తేలుతాయి. 120 గీతలు పూర్తిగా పోకముందే 180కి వెళ్తే, 180తో ఎంతసేపు రుద్దినా అవి పోవు. ఈ పని చేసేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి, కిటికీ తెరవండి, నేల మీది పొడిని తడిగుడ్డతో తీయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. సరదాగా చేసేదే కదా అని దీన్ని వదిలేయకండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.

బయటి వైపుకి అవిసె నూనె బావుంటుంది. కొట్లలో త్వరగా ఆరేలా తయారుచేసింది దొరుకుతుంది, అదే తీసుకోండి. గుడ్డతో పలచగా పట్టించి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచేయండి. తుడవకపోతే జిడ్డుగా, జిగటగా మిగిలిపోతుంది. రోజుకో పూత చొప్పున మూడు. మూతకి పైన ఎన్ని పూతలు వేస్తే కిందా అన్నే వేయండి, లేకపోతే ఒకవైపు నుంచి తేమ ఎక్కువ పీల్చి మూత వంగుతుంది. పెట్టె లోపల మాత్రం నూనె వద్దు, మూసి ఉంచిన పెట్టెలో ఆ వాసన నెలలు గడిచినా పోదు. లోపలికి లక్క పాలిష్ రెండు పూతలు వేయండి.

నూనె తుడిచిన గుడ్డలు చాలా ప్రమాదం. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డలో ఆ వేడి బయటికి పోక, దానంతట అదే అంటుకోగలదు. ఒక్కో గుడ్డని బయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.

చూపించేటప్పుడు

పూర్తయిన పెట్టెని తోటి చెక్కపని వాళ్లకి చూపించాలని ఎవరికైనా ఉంటుంది. ఫ్లాష్ వేయకుండా, కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీయండి. నార కూడా కనిపిస్తుంది. పైనుంచి ఒక్క అందమైన ఫొటో సరిపోదు. మూల దగ్గర నుంచి ఒకటి, మూత కింద పట్టీలది ఒకటి, అడుగుది ఒకటి కావాలి. పని తెలిసినవాళ్లు ముందు చూసేవి అవే. ఏ చెక్క, ఏ కొలతలు, ఏ అతుకు, ఏ మెరుగు అన్నవి రాయండి, చూసినవాళ్లు తామూ చేసుకోగలగాలి. తప్పిన మూల ఏదో కూడా చూపించండి. ఎలా ఉంది అని అడిగితే బాగుంది అనే అంటారు. ఈ మూలలో సందు ఎందుకొచ్చింది అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఎవరి పద్ధతి చూసి నేర్చుకున్నారో వాళ్ల పేరు చెప్పడం మరవకండి.

ఇంకొక్క పని ఉంది. నూనె పట్టించే ముందే మూత అడుగున పెన్సిల్‌తో తేదీ, చెక్క పేరు, ఆరోజు మూత వెడల్పు రాసిపెట్టండి. బాగా తడి కాలంలో ఒకసారి, బాగా పొడి కాలంలో ఒకసారి అదే స్కేలుతో మళ్లీ కొలిచి, ఆ అంకెల్ని కింద వరసలో రాయండి. మీ గదిలో మీ చెక్క ఏడాదికి ఎంత కదులుతుందో తెలుస్తుంది. తర్వాత చేసే పెట్టె మూతకి ఎంత వదులు ఉంచాలో ఆ వరస చూసే నిర్ణయించుకోవచ్చు.